మామయ్య కార్డుతో టోక్యోలో యెన్లు

నమస్కారం. ఈ వీడియోలో గుళ్లు లేవు, చెర్రీ పూలు లేవు. మా అత్తయ్య, మామయ్య కాకినాడ నుంచి టోక్యో వచ్చారు. చేతి ఖర్చులకు కొడుకునైనా సరే, అడగడం మామయ్యకు ఇష్టం ఉండదు. "నా పింఛను నా కార్డులో ఉండగా మిమ్మల్ని అడగడం ఎందుకమ్మా" అన్నారు. అడిగింది న్యాయమే కాబట్టి, ఆ కార్డుతో ఇక్కడ డబ్బు ఎలా తీయాలో, తీస్తే ఎక్కడెక్కడ ఎంత కోత పడుతుందో చూపిస్తాను.

అసలు పని మొదలయ్యేది టోక్యోలో కాదు, కాకినాడలో. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం మన బ్యాంకులు ఇచ్చే కొత్త కార్డులు మొదట దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల్లో మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకం కావాలంటే మనమే తెరిపించుకోవాలి. బ్యాంకు యాప్‌లో ఏటీఎంకు ఒకటి, దుకాణాలకు ఒకటి, ఆన్‌లైన్‌కు ఒకటి విడివిడిగా ఉంటాయి. దుకాణాల మీట నొక్కి ఊరుకుంటే ఏటీఎం దగ్గర మొండిచెయ్యే. ఇక్కడికి వచ్చాక చేసుకోవచ్చులే అనుకోకండి. ఊరి సిమ్‌కు రోమింగ్ లేకపోతే ఓటీపీ రాదు. అందుకే మామయ్య చేత బయలుదేరకముందే వీడియో కాల్‌లో అన్నీ చేయించాను. రోజుకు ఎంత తీయవచ్చో ఆ పరిమితి కూడా అక్కడే సరిచూసుకోవాలి.

జపాన్‌లో ఇంకా నగదు ఎందుకని చాలామంది అడుగుతారు. రైళ్లకు వాడే సూయికా ప్లాస్టిక్ కార్డులో డబ్బు వేయాలంటే స్టేషన్‌లోని యంత్రాలు దాదాపు అన్నీ నోట్లే అడుగుతాయి. రామెన్ అనే నూడుల్స్ అమ్మే చిన్న హోటళ్లలో గుమ్మం పక్కనున్న టికెట్ యంత్రంలో డబ్బు వేసి, చీటీ తీసుకుని కూర్చోవాలి. గుడి హుండీలో వేయడానికి చిల్లర కావాలి. కార్డు ఒక్కటే పట్టుకుని తిరిగితే ఏదో ఒక పూట పస్తు ఖాయం.

నరితా విమానాశ్రయంలో దిగగానే ఒక ఏటీఎం దగ్గర ఆగాం. పిన్ కొట్టి, మొత్తం ఎంచుకున్నాక తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: మీ ఖాతాలో నుంచి రూపాయల లెక్కన తీసుకోవాలా, యెన్ల లెక్కనా? రూపాయల పక్కన ఎంత పడుతుందో పైసలతో సహా రాసి ఉంది. యెన్ల పక్కన ఏమీ లేదు.

"రూపాయల్లో చక్కగా లెక్క చెబుతోంది కదమ్మా, అదే నొక్కనా?"

"వద్దు మామయ్యా, యెన్లే నొక్కండి."

ఈ వీడియో మొత్తంలో గుర్తుంచుకోవలసింది ఇదొక్కటే. రూపాయలు ఎంచుకుంటే మారకపు రేటు నిర్ణయించేది ఆ యంత్రం వెనకున్న సంస్థ. తన లాభం కూడా ఆ రేటులోనే కలిపేస్తుంది. యెన్లు ఎంచుకుంటే వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి సంస్థ రేటు వర్తిస్తుంది, మామూలుగా అదే నయం. పైగా రూపాయల్లో తీసుకున్నా కొన్ని బ్యాంకులు తమ విదేశీ రుసుము వదలవు. అంటే రెండు కోతలు. తెర మీద ఎంత మర్యాదగా అడిగినా, దుకాణంలో కార్డు గీకేటప్పుడు అడిగినా, జవాబు మాత్రం ఆ దేశపు కరెన్సీయే. ఇలా తియ్యగా అడిగి జేబు కత్తిరించే పద్ధతి నాకు ఒళ్లు మండిస్తుంది.

మేముండే నిషి కసాయ్‌లో భారతీయులు చాలామంది ఉన్నారు. మిగతా డబ్బు అక్కడి సెవెన్ ఇలెవెన్‌లో తీశాం. ఆ దుకాణాల్లోని సెవెన్ బ్యాంక్ యంత్రాలు విదేశీ కార్డులు తీసుకుంటాయి, చాలాచోట్ల రాత్రీపగలూ నడుస్తాయి. తపాలా కార్యాలయాల్లోని ఏటీఎంలు కూడా తీసుకుంటాయి గాని చాలావాటికి వేళలుంటాయి. తెర మీద థాయ్, వియత్నామీస్ కూడా కనబడ్డాయి. మామయ్య తెలుగు కోసం ఓపిగ్గా వెతికి, చివరికి ఇంగ్లీషు నొక్కారు.

బయటికి వచ్చిన పదివేల యెన్ల నోటు 2024 జులైలో విడుదలైన కొత్తది. దాని మీద షిబుసావా ఎయిచి బొమ్మ ఉంటుంది. 1873లో జపాన్ మొదటి ఆధునిక బ్యాంకును నెలకొల్పినవారిలో ముఖ్యుడు. నోటును అటూ ఇటూ వంచితే ఎడమవైపు మెరిసే పట్టీలో ఆయన తల తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. మామయ్య దుకాణం గుమ్మంలోనే నిలబడి ఆ తలను తిప్పుతూ ఉంటే, "దొంగనోటు అనుకుంటారు, లోపల పెట్టండి" అని అత్తయ్య కసిరారు. పాత టికెట్ యంత్రాల్లో కొన్ని ఈ కొత్త నోట్లను మింగవు, అదొక తంటా. పక్కనే ఒక నీళ్ల సీసా కొని నోటు మార్చేశాం.

ఇక కోతల సంగతి. చాలా బ్యాంకులు మారకం మీద 3.5 శాతం దాకా వేస్తాయి. యాభై వేల రూపాయలకు అది 1,750. దాని మీద 18 శాతం జీఎస్టీ. తీసిన ప్రతిసారీ నూరు రూపాయల పైచిలుకు స్థిర రుసుము వేరే. ఇక్కడి యంత్రం వేసేది ఇంకా వేరే. శాతం ఎలాగూ తప్పదు, స్థిర రుసుము మాత్రం మన చేతిలో ఉంది. అయిదుసార్లు కొంచెం కొంచెం తీయడం కన్నా ఒక్కసారే కాస్త ఎక్కువ తీయడం మేలు. క్రెడిట్ కార్డుతో మాత్రం నగదు తీయకండి, ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

మామయ్య రశీదులన్నీ క్యాలెండరు వెనక అతికించి, ఖాతాలో ఎంత పోయిందో రోజూ పోల్చుకుంటున్నారు. వచ్చేసారి యెన్లు ముందే నింపుకున్న ఫారెక్స్ కార్డు తెస్తానంటున్నారు. అందులో రేటు నింపిన రోజే ఖరారవుతుంది. అయితే దానికీ ఏటీఎం రుసుము ఉంటుంది, మిగిలిన యెన్లు వెనక్కి మార్చుకుంటే మళ్లీ కోత పడుతుంది. ఆ లెక్క కూడా ఆయనే వేస్తున్నారు, తేలాక చెబుతాను.