ఇంజిన్ పని చేయించిన పాత టాటా లారీలో ఆయిల్ ప్రెషర్ ఎందుకు నిలబడదు?

[తెర మీద: ఆయిల్ గేజ్ దగ్గరగా. వేడెక్కిన ఇంజిన్ స్లోలో తిరుగుతోంది. ముల్లు సున్నాకి ఆనుకుని వణుకుతోంది.]

సిలిండర్లకి బోరు కొట్టించారు. క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్ (అరిగినచోట చెక్కి నున్నగా చేయడం) అయింది. బేరింగులన్నీ కొత్తవే. పొద్దున్న స్టార్ట్ చేస్తే గేజ్ నాలుగు కేజీలు (చదరపు సెంటీమీటరుకి) చూపిస్తుంది. బండి ఓ చుట్టు తిరిగొచ్చాక స్లోలో సున్నా, రేస్ ఇచ్చినా కేజీ దాటదు. ఇలాంటప్పుడు షెడ్డులో మొదట వినిపించే మాట "పంపు పోయింది, మార్చేద్దాం" అని.

కాస్త ఆగండి. పంపు చేసే పని ఆయిల్‌ని తోయడం మాత్రమే. ఆ ఆయిల్‌కి దారిలో అడ్డు తగిలితేనే ప్రెషర్ వస్తుంది. పొలంలో డ్రిప్పు లైను ఒకచోట చిరిగితే మోటారు బాగానే ఉన్నా చివరి సాళ్లకి నీళ్లు అందవు కదా, ఇక్కడా అంతే. చిరుగు ఎక్కడుందో చూడకుండా మోటారు మారిస్తే డబ్బు దండగ.

[తెర మీద: టాటా 1210 ముందు భాగం, తర్వాత ఇంజిన్.]

మన ముందున్నది టాటా 1210. టెల్కో (టాటా మోటార్స్ పాత పేరు), జర్మనీ కంపెనీ డైమ్లర్ బెంజ్ 1954లో చేసుకున్న ఒప్పందం నుంచి వచ్చిన కుటుంబమే ఇది. 1969లో ఒప్పందం ముగిసి ముందున్న నక్షత్రం గుర్తు పోయినా, మనవాళ్లు చాలాకాలం దీన్ని బెంజి లారీ అనే పిలిచారు. ఇందులో 692 ఇంజిన్ ఉంది: ఆరు సిలిండర్లు, 92 మి.మీ. బోరు. నేను చెప్పేది ఏ పాత డీజిల్ ఇంజిన్‌కైనా దాదాపు వర్తిస్తుంది.

ముందు డాష్‌బోర్డు గేజ్‌ని నమ్మకండి. దాని ట్యూబు నొక్కుకుపోయి ఉండొచ్చు, మడ్డి పట్టి ఉండొచ్చు. మంచి మెకానికల్ గేజ్ ఒకటి తెచ్చి నేరుగా బ్లాక్‌కే బిగించండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాకే రీడింగ్ తీసుకోండి. ప్రతి 1,000 ఆర్‌పీఎంకి 0.7 కేజీ, అంటే 10 పీఎస్ఐ ఉండాలన్నది పాత లెక్క. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే ఖాయం. ఈ లెక్కన వేడి ఇంజిన్ స్లోలో అర కేజీ చూపిస్తే టెన్షన్ పడక్కర్లేదు. 2,000 దగ్గర కూడా కేజీయే ఉంటే మాత్రం రోగం నిజమే.

ముల్లు ఎలా పడుతోందో గమనించండి, సగం సంగతి అదే చెబుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కే కొద్దీ మెల్లగా జారితే బేరింగుల సందులు ఎక్కువయ్యాయన్నమాట, లేదా ఆయిల్ పల్చబడింది. చల్లగా ఉన్నా తక్కువే చూపిస్తే రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసేది) తెరుచుకుని ఇరుక్కుని ఉండొచ్చు, లేదా గ్యాలరీ (బ్లాక్ లోపలి ఆయిల్ దారి) ప్లగ్ ఒకటి పెట్టడం మర్చిపోయి ఉండొచ్చు. ముల్లు ఊగుతుంటే పంపు గాలి పీలుస్తోంది: సక్షన్ పైపు జాయింట్ చూడండి.

[తెర మీద: డిప్‌స్టిక్ మీద ఆయిల్‌ని వేళ్ల మధ్య రుద్దడం.]

డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. డీజిల్ వాసన కొట్టి, లెవెల్ పోసినదానికన్నా పెరిగి ఉంటే, ఫీడ్ పంపు నుంచో ఇంజెక్టర్ల నుంచో డీజిల్ కారి ఛాంబర్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దిగుతోంది. అది ఆపకుండా బేరింగులు విప్పడం అనవసరం. తర్వాత రిలీఫ్ వాల్వ్. గ్రైండింగ్ పొడి ఒక్క రవ్వ చాలు, వాల్వ్ లోపలి చిన్న పిస్టన్ ఇరుక్కుపోవడానికి. కడిగి, వేలితో నొక్కితే సాఫీగా కదలాలి. స్ప్రింగ్‌ని సాగదీసి పెట్టే మేస్త్రులున్నారు. అది వైద్యం కాదు, గేజ్‌ని మోసం చేయడం.

ఇవన్నీ బాగుంటే ఛాంబర్ దించాల్సిందే. నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఇక్కడే ఉంది.

[తెర మీద: దించిన ఛాంబర్, కింద ట్రే. బ్లాక్‌కి హోస్ పైపు, పక్కన ఆయిల్ నింపిన ప్రెషర్ ట్యాంకు.]

గేజ్ పోర్టుకి హోస్ తగిలించి, ట్యాంకులో 30 గ్రేడ్ ఆయిల్ పోసి, 1.75 కేజీల గాలి ఇవ్వండి. ఇంజిన్ ఆగే ఉంటుంది. లైటు వేసి కింద నుంచి ఒక్కో బేరింగ్ చూడండి. సరైన సందున్న బేరింగ్ నిమిషానికి సుమారు 20 నుంచి 150 చుక్కలు కారుస్తుంది. అంతకన్నా తక్కువైతే మరీ బిగుతు, లేదా రంధ్రం మూసుకుపోయింది. చుక్కలు కాకుండా ధారగా కారితే దొంగ దొరికినట్టే. అయితే క్రాంక్ రంధ్రం, బేరింగ్ రంధ్రం ఎదురెదురుగా వచ్చినప్పుడు మంచి బేరింగ్ కూడా ధార కడుతుంది. క్రాంక్‌ని కాస్త తిప్పి మళ్లీ చూడండి. పంపులోంచి వెనక్కి కారేదాన్ని లెక్కలోకి తీసుకోకండి. క్యామ్ బుష్‌ల దగ్గర, టైమింగ్ కవర్ వెనక కూడా చూడాలి. పెట్టని ప్లగ్ అక్కడే బయటపడుతుంది.

ధార కట్టిన బేరింగ్ క్యాప్ విప్పి, బేరింగ్ ముక్క వెనక ఉన్న సైజు చదవండి. 0.50 మి.మీ. గ్రైండింగ్ చేసిన క్రాంక్‌కి 0.25 సైజు ముక్కలు పడితే సందు పావు మిల్లీమీటరు ఎక్కువ ఉన్నట్టే. సైజులు సరిగ్గానే ఉంటే ప్లాస్టిగేజ్ తీగ (నలిగిన వెడల్పుని బట్టి సందు చెప్పే మెత్తటి తీగ) పెట్టి, టార్క్ రెంచ్‌తో బిగించి, విప్పి కొలవండి. 60 మి.మీ. జర్నల్‌కి (బేరింగ్‌లో తిరిగే క్రాంక్ భాగానికి) 0.06 మి.మీ. సందు మామూలు. అది 0.12 అయితే కారే ఆయిల్ రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు! సందుకి ఘనం లెక్కన పెరుగుతుంది మరి. ఇలాంటి ఇంజిన్‌లో చిక్కటి ఆయిల్ పోసి ముల్లు లేపడం కొందరికి అలవాటు. ముల్లు లేస్తుంది, బేరింగ్ మాత్రం అలాగే అరుగుతుంది.

ఛాంబర్ ఎలాగూ దించారు కాబట్టి పంపు కూడా చూసేయండి. గేర్ల మీద స్కేలు పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చితే సందు 0.1 మి.మీ. దాటకూడదు. మూత మీద గాట్లు పడితే నున్నగా ఫేస్ చేయించండి.

[తెర మీద: స్టాప్ కేబుల్ లాగి పట్టుకున్న చేయి.]

అన్నీ బిగించాక పంపు గేర్ల మీద ఆయిల్ పోసి, స్టాప్ కేబుల్ (ఇంజిన్‌కి డీజిల్ అందకుండా ఆపేది) లాగి పట్టుకుని, పది సెకన్ల చొప్పున ఆగి ఆగి సెల్ఫ్ కొట్టండి. ముల్లు కదిలాకే కేబుల్ వదలండి.