రెండుసార్లు కిందికి పడిపోయిన క్లబ్బును వదలని డిఫెండర్: ఫ్రాంకో బరేసి

(తెరపై: 1982 ప్రపంచకప్ ఎత్తుతున్న ఇటలీ జట్టు)

1982 జూలైలో ఇటలీ ఫుట్‌బాల్ ప్రపంచకప్ గెలిచింది. ఆ జట్టులో ఇరవై రెండేళ్ల డిఫెండర్ ఒకడున్నాడు. టోర్నీలో ఒక్క నిమిషం కూడా ఆడే ఛాన్స్ రాలేదు గానీ, ప్రపంచ విజేతల్లో అతనూ ఒకడు. సెలవులు అయిపోయాక అతను ఆడటానికి వెళ్లింది ఎక్కడికో తెలుసా? ఇటలీ రెండో డివిజన్‌కి. సీరీ బీకి.

అతను ఫ్రాంకో బరేసి. ఏసీ మిలాన్ తరఫున 719 మ్యాచ్‌లు ఆడాడు. పెద్దల స్థాయిలో ఇంకో క్లబ్ జెర్సీ వేసుకోలేదు. నా దృష్టిలో ఇటలీ కన్న డిఫెండర్లలో అందరికంటే గొప్పవాడు ఇతనే. అదే క్లబ్బులో అతని పక్కన ఆడిన మరో గొప్ప డిఫెండర్ మల్దీని అభిమానులు ఒప్పుకోరని తెలుసు. వీడియో మొత్తం చూసి చెప్పండి.

(తెరపై: ఉత్తర ఇటలీ మ్యాప్, బ్రేషా, మిలాన్)

బరేసి 1960లో బ్రేషా పక్కన త్రవల్యాతో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పదిహేడేళ్లు దాటేలోపే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అన్న జుసెప్పేని మిలాన్ నగరంలోని ఇంటర్ క్లబ్ తీసుకుంది. తమ్ముడూ అక్కడే ట్రయల్స్‌కి వెళ్లాడు. మనిషి చిన్నగా ఉన్నాడు, ఒంట్లో బలం లేదని పక్కన పెట్టేశారు. అదే ఊళ్లోని రెండో క్లబ్, ఏసీ మిలాన్, చేర్చుకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మిలాన్ డెర్బీలో, అంటే ఈ రెండు క్లబ్బుల మధ్య జరిగే మ్యాచ్‌లో, అన్నదమ్ములు ఎదురెదురుగా ఆడారు.

1978 ఏప్రిల్ 23న వెరోనా మీద తొలి మ్యాచ్. అప్పటికి పద్దెనిమిది కూడా నిండలేదు. కోచ్ నిల్స్ లీడ్‌హోమ్ మరుసటి సీజన్లోనే అతన్ని లిబెరోగా, అంటే అందరికంటే వెనక నిలబడి మిగతావాళ్ల పొరపాట్లు సరిదిద్దే డిఫెండర్‌గా, పూర్తిస్థాయిలో దించాడు. ఆ సీజన్లో మిలాన్ పదోసారి లీగ్ గెలిచింది.

తర్వాతే మొదలైంది అసలు కష్టం.

1980లో ఇటలీని బెట్టింగ్ కుంభకోణం కుదిపేసింది. మైదానంలో మూడో స్థానంలో నిలిచిన మిలాన్‌ని శిక్షగా రెండో డివిజన్‌కి దించేశారు. బరేసికి ఆ వ్యవహారంతో ఏ సంబంధమూ లేదు. క్లబ్బుతో పాటే కిందికి వెళ్లాడు, ఏడాదిలో మళ్లీ పైకొచ్చాడు. 1981-82లో రక్తానికి సంబంధించిన జబ్బు చేసి కొన్ని నెలలు ఆటకు దూరమయ్యాడు. జట్టేమో మునిగిపోతోంది. ఆఖరి రోజున చెజేనాలో 0-2తో వెనకబడి కూడా మిలాన్ 3-2తో గెలిచింది. అయినా లాభం లేకపోయింది. కిందికి పడకుండా పోరాడుతున్న మరో జట్టు జెనోవా, నేపుల్స్‌లో చివర్లో గోల్ కొట్టి 2-2తో డ్రా చేసుకోవడంతో మిలాన్ మళ్లీ సీరీ బీకి పడిపోయింది. ఈసారి కుంభకోణం లేదు, ఆటలోనే ఓడింది.

అలాంటి సమయంలో ప్రపంచకప్ జట్టులో ఉన్న ఆటగాడు వెళ్లిపోయినా ఎవరూ తప్పు పట్టరు. బరేసి ఉండిపోయాడు. ఇరవై రెండేళ్లకే కెప్టెన్ అయ్యాడు. పదిహేనేళ్ల పాటు ఆ బాధ్యత మోశాడు. 1983లో పైకొచ్చాక కూడా కొన్నేళ్లు క్లబ్ అప్పుల్లోనే నలిగింది. 1986 ఫిబ్రవరిలో వ్యాపారవేత్త బెర్లుస్కోని కొన్నాకే ఊపిరి పీల్చుకుంది.

(తెరపై: అర్రిగో సాక్కి, ట్రైనింగ్ మైదానం)

1987లో కోచ్‌గా అర్రిగో సాక్కి వచ్చాడు. ప్రొఫెషనల్ ఆటగాడిగా ఏ పేరూ లేని మనిషి. పార్మా కోచ్‌గా ఉన్నప్పుడు మిలాన్‌ని ఓడించి బెర్లుస్కోని కంట్లో పడ్డాడు. వస్తూనే బరేసికి కొన్ని వీడియోలు చూడమని ఇచ్చాడంటారు. అవి పార్మాలో తన దగ్గర ఆడిన జాన్లూకా సిన్యోరీనివి. మిలాన్ కెప్టెన్‌కి చిన్న క్లబ్ ఆటగాణ్ణి చూసి నేర్చుకోమని చెప్పడం! బరేసి నేర్చుకున్నాడు. ఆటలో అతని రెండో జన్మ అక్కడ మొదలైందని నా నమ్మకం.

ఏం నేర్చుకున్నాడో అర్థం కావాలంటే ఆఫ్‌సైడ్ తెలియాలి. ప్రత్యర్థి సగంలో ఉన్న అటాకర్‌కి పాస్ ఇచ్చే క్షణంలో, అతనికీ గోల్ లైన్‌కీ మధ్య ఎదుటి జట్టువాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి, లేకపోతే ఆఫ్‌సైడ్, ఆట ఆపేస్తారు. అందులో ఒకరు మామూలుగా గోల్‌కీపరే. 1990 దాకా ఆఖరి డిఫెండర్‌తో సమానంగా నిలబడినా ఆఫ్‌సైడే. అంటే సరైన క్షణంలో డిఫెండర్లు నలుగురూ కలిసి ఒక్క అడుగు ముందుకేస్తే, బంతిని తాకకుండానే దాడి ఆగిపోతుంది. కబడ్డీలో చేతులు పట్టుకుని కదిలే చైన్ లాంటిది ఇది. ఒక్కడు ఆలస్యమైతే అందరూ దొరికిపోతారు.

మరి ఆ క్షణం ఎప్పుడొచ్చిందని ఎలా తెలుస్తుంది? బంతి కాళ్ల దగ్గరున్న ప్రత్యర్థిని చూడాలి. ఎవరో మీదికొచ్చి ఒత్తిడి పెడుతుంటే అతను తల దించుకుంటాడు, పొడవైన పాస్ వేయలేడు. అప్పుడు లైన్ ముందుకు కదలాలి. అదే అతను ఖాళీగా, తల పైకెత్తి ఉంటే, వీపు వెనక్కి బంతి వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి వెనక్కి తగ్గాలి. ఈ నిర్ణయం సెకనులో తీసుకోవాలి, తీసుకునేవాడు బరేసి. అతను కదిలితే మిగతా ముగ్గురు డిఫెండర్లు తస్సోత్తి, కోస్తాకూర్తా, మల్దీని కదిలేవారు. కదులుతూనే చెయ్యి పైకి లేపి లైన్స్‌మన్ వైపు చూసేవాడు. పాత మ్యాచ్‌ల్లో ఆ లేచిన చెయ్యి మీకు పదే పదే కనిపిస్తుంది.

(తెరపై: సాక్కి ట్రైనింగ్ యానిమేషన్, ఐదుగురి మీద పదిమంది)

సాక్కి తర్వాత ఒక సంగతి చెప్పాడు. గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురిని ఒకవైపు, మిలాన్ డచ్ స్టార్లు గుల్లిట్, వాన్ బాస్టెన్, రైకార్డ్‌లతో సహా పదిమందిని ఇంకోవైపు నిలబెట్టేవాడట. పదిహేను నిమిషాల్లో గోల్ కొట్టమనేవాడట. ఒక్కసారీ కొట్టలేకపోయారట.

మైదానంలో ఫలితం వెంటనే కనిపించింది. 1987-88లో 30 లీగ్ మ్యాచ్‌ల్లో మిలాన్ ఇచ్చిన గోల్స్ 14. మరడోనా ఉన్న నాపోలీని దాటి టైటిల్ గెలిచింది. 1989లో యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) సెమీస్‌లో రియల్ మాడ్రిడ్‌ని తన సొంత మైదానం శాన్ సీరోలో 5-0తో, ఫైనల్లో రొమేనియా క్లబ్ స్తెవాని 4-0తో ఓడించింది. 1990లో వియన్నాలో పోర్చుగల్ క్లబ్ బెన్ఫికాని ఓడించి కప్ నిలబెట్టుకుంది. ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే 1989 బాలన్ డోర్ అవార్డులో వాన్ బాస్టెన్ మొదటి స్థానం, బరేసి రెండు, రైకార్డ్ మూడు. ముగ్గురూ మిలాన్‌వాళ్లే.

సాక్కి తర్వాత కోచ్‌గా కపెల్లో వచ్చాక 1991-92 లీగ్‌ని ఒక్క ఓటమి కూడా లేకుండా ముగించారు. మొత్తం 58 లీగ్ మ్యాచ్‌ల దాకా ఆ పరంపర సాగింది. ఇక్కడ ఒక విషయం గమనించాలి. 1990లో ఆఫ్‌సైడ్ నియమం అటాకర్లకి అనుకూలంగా మారింది. 1992లో గోల్‌కీపర్‌కి తనవాళ్లు కాలితో ఇచ్చిన పాస్‌ని చేత్తో పట్టుకునే వీలు పోయింది. రెండూ డిఫెండర్లకి దెబ్బే. అయినా 1993-94లో మిలాన్ 34 లీగ్ మ్యాచ్‌ల్లో ఇచ్చినవి 15 గోల్సే. అప్పటికి బరేసి వయసు ముప్పై మూడు. పరుగు తగ్గింది, అంచనా తగ్గలేదు.

అదే ఏడాది ఏథెన్స్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. ఎదురుగా క్రైఫ్ కోచ్‌గా ఉన్న బార్సిలోనా. సస్పెన్షన్ వల్ల బరేసి, కోస్తాకూర్తా ఇద్దరూ లేరు. మల్దీని, ఫిలిప్పో గల్లీ మధ్యలో ఆడారు. మిలాన్ 4-0తో గెలిచింది. బరేసి అవసరం లేదని తేలిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. పక్కనున్నవాళ్లు తన పని నేర్చుకునేలా ఏళ్ల తరబడి ఆడాడు కాబట్టే ఆ రాత్రి సాధ్యమైంది.

1996లో ఆరో లీగ్ టైటిల్ అందుకుని, 1997లో బరేసి ఆట ముగించాడు. అతను వేసుకున్న 6వ నంబర్ జెర్సీని మిలాన్ ఇక ఎవరికీ ఇవ్వకూడదని నిర్ణయించింది.

వీలు దొరికితే 1989 ఏప్రిల్ 19 నాటి రియల్ మాడ్రిడ్ మ్యాచ్ పూర్తిగా చూడండి. మొదటి పది నిమిషాలు బంతిని వదిలేసి, ఆరో నంబర్ వైపే చూడండి. అతను ఎప్పుడు ముందుకు కదిలాడు, ఎప్పుడు వెనక్కి తగ్గాడు, మీరు ముందే ఊహించగలిగారా లేదా కామెంట్లలో రాయండి.