డ్యూటీకి మడత చాకు, తక్కువ ఖర్చులో: ఫోన్-ఇన్ కార్యక్రమం

యాంకర్: నమస్కారం. పోలీసు ఉద్యోగంలోనో సైన్యంలోనో ఉండి, సొంత డబ్బుతో జేబు చాకు కొనుక్కునేవాళ్ల కోసం ఇవాళ్టి కార్యక్రమం. మన అతిథి సైన్యంలో ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఇప్పుడు తెలిసినవాళ్ల చాకులన్నీ ఆయన దగ్గరికే నూరడానికి వస్తాయి. నమస్కారమండీ. అప్పుడే లైన్లో ఒకరున్నారు.

అతిథి: నమస్కారం. కలపండి. నా ఉపన్యాసం కంటే వాళ్ల ప్రశ్నలే నయం.

కాలర్: సార్ నమస్తే. కానిస్టేబుల్‌ని, ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. ఒక చాకు చూసిపెట్టుకున్నా సార్. మొత్తం నల్లగా ఉంటుంది, వీపు మీద కూడా రంపం పళ్లున్నాయి, టాక్టికల్ అని రాసుంది. రేటు కూడా తక్కువే.

అతిథి: స్టీలు పేరేమని రాశాడు?

కాలర్: స్టెయిన్‌లెస్ స్టీల్ అని ఉంది సార్.

అతిథి: గిన్నె కూడా స్టెయిన్‌లెస్సే బాబూ! క్రోమియం తగినంత ఉంది, తొందరగా తుప్పు పట్టదు అని చెప్పడమే అది. పదును నిలుస్తుందా లేదా అన్నది కార్బన్ ఎంతుంది, కాల్చి చల్లార్చడం ఎలా చేశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. పద్ధతిగా చేసేవాడు గ్రేడు పేరు రాస్తాడు. చవక రకాల్లో 8సీఆర్13ఎంఓవీ, 420హెచ్‌సీ, ఏయూఎస్-8, 14సీ28ఎన్, డీ2 కనిపిస్తుంటాయి. పేరే రాయలేదంటే పైన పటారం, లోన లొటారం. సరే, ఈ ఆరు నెలల్లో నీకు చాకు అవసరమైన పనులేంటి?

కాలర్: బారికేడ్లకు కట్టిన తాళ్లు కోశా సార్. ప్లాస్టిక్ ట్యాగులు, సీలు చేసిన అట్టపెట్టెలు. అంతే.

అతిథి: వాటిలో వీపు మీది రంపంతో చేసిన పని ఏదైనా ఉందా?

కాలర్: (నవ్వు) లేదు సార్.

అతిథి: మరి దానికి డబ్బెందుకు? అలుగు, అంటే కోసే భాగం, ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల పొడుగుంటే చాలు. పళ్లు లేని సాదా వాదర, అంటే పదునంచు, ఉన్నది చూడు, నూరుకోవడం తేలిక. మొన మరీ సూదిలా ఉంటే విరుగుతుంది, కొంచెం మందంగా ఉన్నది తీసుకో.

కాలర్: మరి ఎవరైనా మీద పడితే సార్?

అతిథి: దానికి నీకు శిక్షణతో పాటు డిపార్ట్‌మెంటు ఇచ్చిన సాధనాలు వేరే ఉన్నాయి. చాకు పనిముట్టు. ఆ ఆలోచనతో కొన్నవాళ్లందరూ పనికిరాని చాకులే కొన్నారు, నేను చూశాను.

యాంకర్: తరువాతి కాలర్, చెప్పండి.

కాలర్: నమస్తే అండీ. నేను సైన్యంలో ఉన్నా, సెలవు మీద ఇంటికొచ్చా. పోయిన నెల చాకు మొనతో తోలుపట్టీకి బెజ్జం పెడుతుంటే మడుచుకుపోయి వేలు తెగింది. నాలుగు కుట్లు. లాక్ ఉన్న చాకే.

అతిథి: అయ్యో. లైనర్ లాకేనా? లోపల సన్నటి రేకు పక్కకు జరిగి అలుగు కింద అడ్డుపడుతుంది, అదేనా?

కాలర్: అదేనండీ.

అతిథి: ఇప్పుడు చేతిలో ఉందా? తెరిచి, మడత దగ్గర పైనుంచి చూడండి. ఆ రేకు అలుగు మడమలో, అంటే పిడి వైపు చివర, ఎంత మేర పట్టుకుంది?

కాలర్: అంచు మీద… ఏదో ఆనీ ఆనకుండా ఉందండీ.

అతిథి: దొరికింది దొంగ. అలుగు మందంలో పావు వంతు నుంచి సగం వరకైనా ఆ రేకు లోపలికి రావాలి. గోటి మీద వాలినట్టు అంచు మీద ఆగిందంటే, మొన మీద బరువు పడగానే జారుతుంది. మరీ ఆ చివరికంటా పోయినా అరిగిపోయిందని అర్థం. ఇంకో సంగతి, పిడిని గట్టిగా పట్టుకుని మెలిపెడితే వేలి కండ రేకును పక్కకు నెట్టేస్తుంది. ఇసుక, బట్టల నూగు ఆ సందులో ఇరుక్కున్నా సరిగా పట్టదు. కొనేటప్పుడే తెరిచి అలుగును పైకీ కిందికీ, పక్కలకూ కదపాలి. పైకీ కిందికీ ఆడితే తిరిగిచ్చేయడమే. పక్కలకు కాస్త ఆడితే మర బిగిస్తే పోతుంది.

కాలర్: మరి ఏ లాక్ మంచిదండీ?

అతిథి: మంచిగా చేసింది మంచిది. మాట దాటేస్తున్నాననుకోకండి. లైనర్ లాక్‌ను ఇప్పుడున్న రూపానికి 1980ల్లో చాకులు చేసే మైకేల్ వాకర్ తెచ్చాడు. దాంట్లో తప్పు లేదు, చవకగా చేసేవాడు కొలతల్లో పొదుపు చేస్తాడు, అదీ గొడవ. వీపు మీద నొక్కే లాక్‌బ్యాక్ పాత పద్ధతి. బక్ 110 అనే చాకు 1960ల నుంచీ దాన్ని ఊరూరా తిప్పింది. గట్టిది, కానీ మూయాలంటే సాధారణంగా రెండు చేతులూ కావాలి. అడ్డంగా కడ్డీ ఉండే లాక్‌ను బెంచ్‌మేడ్ కంపెనీ 1998లో యాక్సిస్ పేరుతో తెచ్చింది. పేటెంటు గడువు తీరాక చవక చాకుల్లోకీ వచ్చింది. నేనైతే ఇవాళ కొత్తగా కొనేవాళ్లకు ముందు అదే చూపిస్తా, మూసేటప్పుడు వేలు అలుగు దారిలోకి రాదు గనక.

యాంకర్: అసలు లాక్ లేని చాకులు కూడా సైనికులకు ఇచ్చేవారు కదండీ?

అతిథి: ఇచ్చారు. స్విట్జర్లాండ్ సైన్యం 1891 నుంచీ జేబు చాకు ఇస్తోంది. దశాబ్దాల పాటు లాక్ లేదు, స్ప్రింగు ఒత్తిడే ఆధారం. 2008 మోడల్‌లో లాక్ పెట్టి, ఒంటిచేత్తో తెరిచే ఏర్పాటు చేశారు. మిమ్మల్ని మాత్రం ఒకటే అడుగుతా, బెజ్జం పెట్టడానికి చాకు మొన ఎందుకండీ, దబ్బనం లేదా?

కాలర్: చేతికి దొరికింది అదే.

అతిథి: సరే, అందరం అలాగే చేస్తాం.

యాంకర్: మరో కాలర్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. నేను మహిళా కానిస్టేబుల్‌ని. నాది ఎడమచేతి వాటం. ఏ చాకు చూసినా క్లిప్పూ లాకూ కుడిచేతికే ఉంటాయి. డ్యూటీలో గ్లవ్స్ కూడా వేసుకోవాలి.

అతిథి: పిస్టల్ ఎటువైపు కట్టుకుంటావమ్మా?

కాలర్: ఎడమవైపు.

అతిథి: చాకు దాని పక్కన ఉంటే అడ్డం కదా, కుడి జేబులో పెట్టాలి. అప్పుడు కుడిచేత్తోనే తీస్తావు. అంటే మామూలు చాకే నీకు సరిపోతుంది!

కాలర్: (నవ్వు) అవును సార్, ఇంతకాలం అది తట్టలేదు. కానీ తాడు కోయాలంటే బలం ఎడమచేతిలోనే ఉంది.

అతిథి: అందుకని రెండు చేతులకూ కుదిరేదే తీసుకో. అడ్డకడ్డీ లాక్, లాక్‌బ్యాక్ రెండూ ఏ చేతికైనా ఒకటే. క్లిప్పు రెండు పక్కలకూ మార్చుకునే మరబెజ్జాలు ఉన్నాయో లేదో చూడు. గ్లవ్స్ వేసుకుంటే బొటనవేలు పెట్టే చిన్న బొడిపె అందదు. అలుగులోనే పెద్ద గుండ్రటి బెజ్జం ఉన్నది సుఖం. స్పైడర్కో కంపెనీ 1981లో తెచ్చింది అది. పిడి నున్నటి లోహం కాకుండా గరుకుగా ఉన్న జీ10 (గాజునార గుడ్డను రెసిన్‌తో అదిమి చేసిన పలక) గానీ, గాజునార కలిపిన నైలాన్ గానీ అయితే తడిచేతిలో జారదు. ఇంకోటి, వీలైతే గ్లవ్స్ వేసుకునే షాపుకి వెళ్లు. వాడు ఎగాదిగా చూసినా పర్లేదు.

యాంకర్: ఈసారి ఒక మాజీ సైనికుడు.

కాలర్: ఏమండీ, ఇందాకటి నుంచీ వింటున్నా. స్టీళ్లన్నీ ఒకే గాటన కట్టేశారు. డీ2 ముందు ఆ 8సీఆర్ ఎక్కడ? నా డీ2 చాకు నూరకుండా నెలలు లాగించాను.

అతిథి: లాగిస్తుందండీ, కాదన్ను. దాంట్లో కార్బన్ దాదాపు ఒకటిన్నర శాతం, క్రోమియం పన్నెండు దాకా. కానీ ఆ క్రోమియంలో చాలా భాగం కార్బన్‌తో కలిసి గట్టి పలుకులుగా మారిపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. మీరు పనిచేసింది ఎండుగాలి చోటా, ఉప్పుగాలి చోటా?

కాలర్: ఎడారి.

అతిథి: చూశారా. అదే చాకు పడవల మీద గస్తీ తిరిగేవాడికిస్తే రోజూ తుడిచి నూనె రాయాలి, లేకపోతే మచ్చలే. వాళ్లకు 14సీ28ఎన్ మేలు, స్వీడన్ స్టీలు, తుప్పుకు బాగా ఆగుతుంది. చేతిలో ఉన్న రాయి మీద తొందరగా పదునెక్కుతుంది కూడా.

కాలర్: డీ2 కూడా ఎక్కుతుందండీ.

అతిథి: మీకు ఎక్కుతుంది, కొత్త కుర్రాడికి ఎక్కదు. విసుగొచ్చి వదిలేస్తాడు, ఆ తరువాత మొద్దు చాకుతో బలంగా నొక్కి చెయ్యి కోసుకుంటాడు. అందుకే ఎవరికైనా చెబుతా, స్టీలు ఒక మెట్టు తగ్గించి ఆ మిగిలిన డబ్బుతో సానరాయి కొనుక్కో అని. వెయ్యి గ్రిట్ (రాయి నునుపు కొలత) రాయి, ఒక్కో పక్కకు ఇరవై డిగ్రీల వాలు, ఆపైన పాత తోలు బెల్టు మీద పదిసార్లు. అంతకంటే ఏం కావాలి?

కాలర్: బెల్టు మాట మాత్రం ఒప్పుకుంటా.

యాంకర్: ఇంకో అమ్మగారు లైన్లో ఉన్నారు.

కాలర్: బాబూ, మా అబ్బాయి ఈమధ్యే సైన్యంలో చేరాడు. పుట్టినరోజుకు చాకు పంపుదామని.

అతిథి: ముందు వాడినే అడగండమ్మా, వాళ్ల యూనిట్‌లో సొంత చాకు ఉంచుకోనిస్తారా, ఎంత పొడుగు దాకా అని. ఒక్కోచోట ఒక్కో నియమం. బటన్ నొక్కితే తెరుచుకునేవి కొన్ని దేశాల్లో చట్టవిరుద్ధం కూడా. వాడు విమానంలో వెళ్తుంటే చేతిసంచిలో వద్దు, అక్కడే లాగేసుకుంటారు.

కాలర్: మంచిది బాబూ.

యాంకర్: సమయం దగ్గరపడింది. ఆఖరి కాల్.

కాలర్: సార్, ట్రాఫిక్‌లో చేస్తాను. యాక్సిడెంట్ల దగ్గరికి ముందు మేమే వెళ్తాం. సీటు బెల్టు కోసేదీ, అద్దం పగలగొట్టేదీ కలిపిన చాకు కొనొచ్చా?

అతిథి: అద్దం సంగతి ముందు. పక్క అద్దాలు చాలా బండ్లలో టెంపర్డ్, అంటే వేడిచేసి గట్టిపరిచినవి, మూల దగ్గర గట్టి మొనతో కొడితే పొడిపొడిగా రాలుతుంది. ముందు అద్దం లామినేటెడ్, మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాన్ని ఆ మొనతో ఎంత కొట్టినా పగుళ్లే తప్ప దారి రాదు. కొన్ని బండ్లలో పక్క అద్దాలు కూడా లామినేటెడే పెడుతున్నారు, మూలన అచ్చేసిన గుర్తు చదివి తెలుసుకోవచ్చు.

కాలర్: మరి బెల్టు?

అతిథి: మనిషి ఒంటికి ఆనుకున్న బెల్టు దగ్గర మొన ఉన్న చాకు పెట్టాలంటే నాకే చెయ్యి వణుకుతుంది. కొక్కెంలా వంగి లోపల మాత్రమే వాదర ఉండే కట్టర్ విడిగా దొరుకుతుంది, చవక, జేబులో బరువుండదు. చాకే వాడతానంటే మొన లేకుండా ముందుకొచ్చేసరికి వీపు కిందికి వంగే రకం తీసుకో, షీప్స్‌ఫుట్ అంటారు. ఈ ఒక్క పనికి రంపం పళ్లు పనికొస్తాయి, నార మీద జారవు. కానీ కొన్న వెంటనే ఒక పాత బెల్టు ముక్క కోసి చూడు. మొదటిసారి కోయడం రోడ్డు మీద కాకూడదు.

కాలర్: మా స్టేషన్ ఆవరణలో నుజ్జునుజ్జయిన కారు ఒకటుంది సార్, దాని బెల్టు…

అతిథి: అది కేసులో ఉన్న బండి అయ్యుంటుంది బాబూ, దాని జోలికి పోకు! ఏదైనా మెకానిక్ షెడ్డులో అడుగు.