తాళి కడితే సరిపోదు: విదేశీ కోడలు, విదేశీ అల్లుడు ఇక్కడ స్థిరపడాలంటే

అందరికీ నమస్కారం.

మనవాళ్లు బయటికి వెళ్లే వీసాల గురించి అడిగితే వీధికో కన్సల్టెన్సీ చెబుతుంది. బయటివాళ్లు మన ఇంటికి కాపురానికి వచ్చే సంగతి అడిగితే మాత్రం సరైన జవాబు దొరకడం కష్టం. అబ్బాయి డాలస్‌లో అమెరికన్ అమ్మాయిని చేసుకుని హైదరాబాద్ వచ్చేద్దామనుకుంటాడు. విజయవాడ అమ్మాయి బ్రెజిల్ అబ్బాయిని ఇష్టపడుతుంది, కాపురం ఇక్కడే అంటుంది. ఈ రోజు మాట్లాడేది ఇలాంటి ఇళ్ల కోసం.

ముందుగా పెళ్లి కాగితం సంగతి. వీసా, ఓసీఐ (విదేశీ పౌరులు ఇక్కడ వీసా లేకుండా ఎంతకాలమైనా ఉండనిచ్చే కార్డు), పౌరసత్వం అన్నీ దీని మీదే నిలబడతాయి, తేడా వచ్చేదీ ఎక్కువగా ఇక్కడే. అన్నవరంలో శాస్త్రోక్తంగా పెళ్లి చేసి, దేవస్థానం రసీదు, ఆల్బమ్, శుభలేఖ పట్టుకుని వెళితే పని జరగదు. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కావాలి. అది కూడా సరైన చట్టం కింద ఉండాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం వర్తించాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన ఒక కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చింది. క్రైస్తవ వరుడు, హిందూ వధువు గుడిలో తాళి కట్టించుకుని, ఆ చట్టం కిందే రిజిస్టర్ కూడా చేయించుకున్నారు. అయినా ఆ పెళ్లి చెల్లదని కోర్టు చెప్పింది. అంటే సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన భరోసా లేదన్నమాట. కాగితం కోసం పేరుకు మతం మార్పించే సలహాలు కూడా వినిపిస్తుంటాయి, వాటి జోలికి పోకండి. మతాలు వేరైతే 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ రాచబాట. పెళ్లి మీ పద్ధతిలో ముందే జరిగిపోయినా, అదే చట్టం కింద తర్వాత రిజిస్టర్ చేయించుకునే వీలుంది.

ఇక్కడ రోజుల లెక్క చూసుకోవాలి. ఇద్దరిలో కనీసం ఒకరు ఆ జిల్లాలో 30 రోజులుగా ఉంటూ ఉండాలి. అప్పుడు నోటీసు ఇవ్వాలి. దాన్ని కార్యాలయం బోర్డు మీద అంటిస్తారు. అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటికి రావాలి. పెళ్లి రోజున ముగ్గురు సాక్షులు ఉండాలి. విదేశీయుల నుంచి, తమకు వేరే పెళ్లి లేదని వాళ్ల ఎంబసీ ఇచ్చే పత్రం, ఇదివరకు విడాకులైతే ఆ డిక్రీ అడుగుతారు. ఇప్పుడు పెళ్లికూతురు 30 రోజుల ఈ-టూరిస్ట్ వీసా మీద దిగిందనుకోండి. దిగిన ఐదో రోజున నోటీసు ఇచ్చినా, గడువు తీరేసరికి ముప్పై ఐదో రోజు. వీసా అప్పటికే అయిపోయింది. పైగా ఈ-వీసాను సాధారణంగా పొడిగించరు, ఇంకో రకానికి మార్చరు. ముహూర్తం పెట్టే ముందు పంచాంగంతో పాటు వీసా మీది తేదీలు కూడా చూడమనేది ఇందుకే.

పెళ్లి అమెరికాలోనే అయిపోయి ఉంటే అక్కడి కౌంటీ సర్టిఫికెట్ చెల్లుతుంది. దాని ధ్రువీకృత నకలు తీసుకుని, ఆ రాష్ట్రపు సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయంలో అపోస్టిల్, అంటే కాగితం వేరే దేశంలో చెల్లేలా వేసే అధికారిక ముద్ర, వేయించాలి. కెనడా 2024 జనవరిలోనే అపోస్టిల్ ఒప్పందంలో చేరింది కాబట్టి అక్కడివాళ్లకూ ఇప్పుడు ఇదే దారి. సర్టిఫికెట్ పోర్చుగీసులోనో స్పానిష్‌లోనో ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. 1969 నాటి ఫారిన్ మ్యారేజ్ యాక్ట్ కింద భారత ఎంబసీలోనూ పెళ్లి చేసుకోవచ్చు. అక్కడా నోటీసు, 30 రోజులు తప్పవు.

మన తెలుగువాళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది: ఇంటిపేరు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ వరుసలో ‘గుండ్లపల్లి’, గివెన్ నేమ్ వరుసలో ‘వెంకట సాయి కృష్ణ’ అని ఉంటుంది. పెళ్లి సర్టిఫికెట్‌లో గుమస్తా ‘జి.వి.ఎస్. కృష్ణ’ అని కొట్టేస్తాడు. మనకు ఇద్దరూ ఒకరే. కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. రెండేళ్ల తర్వాత ఓసీఐ దరఖాస్తు ఆ అక్షరాల దగ్గర ఆగిపోతుంది. సంతకం పెట్టే ముందు డ్రాఫ్ట్ అడిగి, పక్కన రెండు పాస్‌పోర్టులూ పెట్టుకుని, అక్షరం అక్షరం సరిచూడండి. పుట్టిన తేదీ కూడా. అమెరికా కాగితాల్లో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. 04/07 అంటే వాళ్లకు ఏప్రిల్ 7, మనకు జులై 4.

కాగితం చేతికొచ్చాక ఎంట్రీ వీసా. దీన్నే ఎక్స్ వీసా అంటారు. భారతీయుల భార్యకో భర్తకో ఇచ్చేది ఇదే. దేశంలో ఉండగానే వేరే వీసాను ఎక్స్‌గా మార్పించుకునే వీలు కొన్ని సందర్భాల్లో ఉంది కానీ, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకండి. సొంత దేశానికి వెళ్లి, అక్కడి భారత ఎంబసీలో తీసుకుని రావడమే మేలు. ఈ వీసాతో కాపురం చేయొచ్చు, ఉద్యోగం చేసే హక్కు మాత్రం దానంతట అది రాదు. ఆఫర్ లెటర్ వచ్చాక కాదు, దానికి ముందే, విదేశీయుల నమోదు చూసే కార్యాలయమైన ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓను అడగండి.

వీసా 180 రోజులకు మించినదైతే, దిగిన 14 రోజుల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ దగ్గర నమోదు చేసుకోవాలి. దరఖాస్తు ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్‌లోనే. జిల్లాల్లో ఈ పని ఎస్పీ కార్యాలయానిది. వీసా స్టిక్కర్ మీద సన్నక్షరాల్లో ఏం రాసి ఉందో చదవండి. ఒక్కో రాకకు 180 రోజులే అని రాసి ఉంటే లెక్క మారుతుంది. దీనితోపాటు ఫారం-3 ఉంది, ఇదివరకు దీన్నే ఫారం-సి అనేవారు. విదేశీయులు ఎవరింట్లో దిగితే ఆ ఇంటి యజమాని 24 గంటల్లో ఆన్‌లైన్‌లో నింపాలి. హోటళ్లకే కదా అనుకుంటారు, అత్తగారింటికి కూడా ఇదే నియమం. అద్దె ఇల్లయితే, ఓనర్‌తో అగ్రిమెంట్ రాసుకునేటప్పుడే ఈ మాట చెప్పి ఒప్పించండి. తర్వాత చెబితే ‘పోలీసుల గొడవ మాకెందుకండీ’ అంటారు. పాత చట్టాలు పోయి 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్ అమల్లో ఉంది. ‘అప్పట్లో మాకేమీ అడగలేదు’ అనే బంధువుల మాట పట్టుకుని కూర్చోవద్దు.

ఇక ఓసీఐ. పెళ్లి రిజిస్టర్ అయి, దరఖాస్తు నాటికి రెండేళ్లు ఎడతెగకుండా నిలిచి ఉండాలి. పెళ్లయి ఐదేళ్లయినా, రిజిస్ట్రేషన్ నిరుడు చేయించుకుంటే ఇంకా ఆగాల్సి రావచ్చు. టూరిస్ట్ వీసా మీద ఉండి ఇక్కడ దరఖాస్తు పెట్టడానికి వీల్లేదు. ఇండియాలో ఫీజు 15,000 రూపాయలు, బయట 275 డాలర్లు. భద్రతా విచారణ చట్టంలోనే ఉంది, కాబట్టి పోలీసులు ఇంటికి వస్తారు, ఇద్దరినీ పిలిచి మాట్లాడొచ్చు. కంగారుపడకండి, కానీ నెలలు పడుతుంది. ఆ లోపు ఎక్స్ వీసా గడువు చూసుకుంటూ, తీరకముందే పొడిగింపు పెట్టండి. తాము గానీ, తల్లిదండ్రులు, తాతముత్తాతల్లో ఎవరైనా గానీ పాకిస్తాన్, బంగ్లాదేశ్ పౌరులైతే ఓసీఐ రాదు.

కార్డు వచ్చాక వీసా గోల, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ నమోదు ఉండవు, ఉద్యోగం చేసుకోవచ్చు. ఓటు ఉండదు. ఫ్లాట్ కొనుక్కోవచ్చు, పొలం కొనకూడదు. కోడలి పేరున రెండెకరాలు రాద్దామనుకునే మామగార్లు గమనించాలి. జర్నలిజం, పరిశోధన, మతప్రచారం, పర్వతారోహణకు విడిగా అనుమతి కావాలి. పౌరసత్వమే కావాలంటే సాధారణంగా ఏడేళ్ల నివాసం ఉండాలి, సొంత దేశపు పౌరసత్వం వదులుకోవాలి.

చాలామందికి తెలియని సంగతి, పెళ్లి ద్వారా వచ్చిన ఓసీఐ విడాకులైతే రద్దు చేయవచ్చు. అందుకే ఈ కార్డుదారులు కొత్త పాస్‌పోర్టు తీసుకున్న ప్రతిసారీ మూడు నెలల్లోగా దాని నకలు, తాజా ఫొటో, పెళ్లి ఇంకా కొనసాగుతోందన్న డిక్లరేషన్ పోర్టల్‌లో ఎక్కించాలి. ఆ రోజున మళ్లీ పెళ్లి సర్టిఫికెట్ కోసం బీరువా వెతకాల్సి వస్తుంది. ఒక స్కాన్ కాపీ ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి. పాస్‌పోర్టులు తెచ్చినవాళ్లు ముందుకు రండి, పేర్లు సరిచూద్దాం.