తడిసిన పుస్తకానికి రెండు రోజులే గడువు

[తెరపై: బల్లమీద నీళ్లోడుతున్న పుస్తకం]

పుస్తకం నీళ్లలో పడగానే చేయి దాన్ని తెరవడానికే పోతుంది. తెరవకండి. తడికి కాగితం నారలు పట్టు సడలి ఉంటాయి, పేజీ తిప్పితే చాలు చిరుగుతుంది. ఎండ, ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు. అంచులు ముందే ఆరి ముడుచుకుంటాయి, లోపలి తడి మాత్రం అలాగే ఉంటుంది.

అలాగని వదిలేయడానికీ లేదు. ఉక్కగా ఉన్న గదిలో 48 గంటల్లోపే బూజు మొదలవుతుంది.

[తెరపై: నిలువుగా నిలబెట్టిన పుస్తకం]

నీళ్లు కారుతున్నంతసేపూ అట్టలు కాస్త విప్పి, తెల్ల టిష్యూ కాగితం మీద నిలబెట్టండి. కారడం ఆగాక ప్రతి 10, 15 ఆకులకూ మధ్య ఒక టిష్యూ పెట్టండి. గంటకో రెండు గంటలకో మార్చండి. అతిగా కుక్కకండి: లోపల పెట్టిన కాగితం పుస్తకం మందంలో మూడోవంతు దాటితే వెన్ను వంకరపోయి, మళ్లీ కుదురుకోదు. న్యూస్‌పేపర్ పనికిరాదు, దాని సిరా పేజీలకు అంటుతుంది. ఫ్యాన్ గాలి గదిలో తిరగాలి, పేజీలకు సూటిగా తగలకూడదు.

అచ్చు సిరాలో నూనె ఉంటుంది కాబట్టి అక్షరాలు సాధారణంగా చెదరవు. పెన్ను సిరా చెదురుతుంది. అంచుల్లో ఎవరో రాసుకున్న మాటలుంటే, కనిపించే పేజీలను వెంటనే ఫోటో తీయండి. పుస్తకం ఇంకో ప్రతి దొరుకుతుంది, ఆ మాటలు దొరకవు.

నున్నగా మెరిసే కాగితానికి మట్టిపూత ఉంటుంది. ఆరేకొద్దీ ఆ పూత పక్క పేజీకి అతుక్కుని గట్టిపడుతుంది, ఆ తర్వాత విడదీయడం దాదాపు కుదరదు. అందుకే తడి ఉండగానే ప్రతి ఆకుకూ మధ్య కాగితం పెట్టాలి. అంత తీరిక లేకపోతే ఫ్రీజరే దిక్కు.

[తెరపై: మైనపు కాగితం, ఫ్రీజర్]

ఒక్కో పుస్తకాన్ని మైనపు కాగితంలో చుట్టి, వెన్ను కిందికి ఉండేలా ఫ్రీజర్‌లో పెట్టండి. చలికి బూజు చావదు, ఆగుతుందంతే. పుస్తకమూ ఆరదు. వీలు చిక్కినప్పుడు ఒక్కొక్కటే తీసి ఆరబెట్టుకోవచ్చు. 1966 నవంబర్‌లో ఇటలీలో ఆర్నో నది పొంగి ఫ్లోరెన్స్ నగరంలోని జాతీయ గ్రంథాలయంలో లక్షల పుస్తకాలు బురదపాలయ్యాయి. వాటిని బాగుచేస్తూ నేర్చుకున్న సంగతులు ఇవాళ్టికీ గ్రంథాలయాలకు పనికొస్తున్నాయి.

[తెరపై: బరువు కింద పుస్తకం]

పేజీని చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే తడి ఇంకా ఉన్నట్టే. ఆ చల్లదనం దాదాపు పోయాక పుస్తకం మూసి, రెండు చదునైన పలకల మధ్య పెట్టి, పైన బరువు వేసి కొన్ని రోజులు ఉంచండి. అంచుల్లో కాస్త అలలు మిగులుతాయి, చదవడానికి అవి అడ్డం రావు.