డాబా మీద నక్షత్రం, కింది వాటాలో కంపు

శ్రోతలకు నమస్కారం.

నాలుగేళ్ళ కిందట అక్టోబరులో ఒక మధ్యాహ్నం మా కింది వాటా పిన్నిగారు ఫినాయిలు సీసా పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. "ఏమ్మాయ్, మీ వైపు ఎక్కడన్నా ఎలక గానీ చచ్చిందేమో చూడు. పొద్దుట్నుంచీ అన్నం సయించడం లేదు" అన్నారు. మేం గుంటూరు వాళ్ళం. యార్డుకి మిర్చి దిగే రోజుల్లో ఆ ఘాటుకి దగ్గుకుంటూనే బడికి పోయినవాళ్ళం. వాసనలకు అంత తేలిగ్గా బెదిరే జనం కాదు. అటువంటిది ఆవిడే వచ్చారంటే సంగతి చిన్నది కాదు. బీరువా వెనక చూశాం. నీళ్ళ ట్యాంకు కింద టార్చి వేసి చూశాం. పాత పేపర్ల కట్టలన్నీ జరిపాం. ఎక్కడా ఏమీ లేదు.

చివరికి ఈగలు దారి చూపించాయి. డాబా మీద తూర్పు పిట్టగోడ పక్కన, ఒక మట్టి కుండీ అంచు మీదుగా వాలి, అన్నం పళ్ళెమంత పువ్వు ఒకటి విచ్చుకుని ఉంది. ఐదు రేకులు, పిల్లలు కాగితం మీద గీసే చుక్క బొమ్మలా. లేత పసుపు రంగు మీద ముదురు ఎరుపు గీతలు, సన్నగా, అడ్డంగా, ముసలివాళ్ళ నుదుటి ముడతల్లా. అంచుల వెంట మెత్తటి నూగు. నడిమధ్య గుంటలో నాలుగు పచ్చ ఈగలు.

పిన్నిగారు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశారు. "దేవుడికి పెట్టేది కాదు, తల్లో పెట్టుకునేది కాదు. మరి ఎందుకమ్మా ఇది?" అన్నారు.

ఒక స్నేహితురాలు ఇచ్చిన ముక్కను అంతకు ఏడాది ముందు పాతిపెట్టి మరిచిపోయాను. అది పూస్తుందని తెలుసు గానీ, ఇలా పూస్తుందని తెలియదు. పేరు స్టపీలియా జైగాంటియా. సొంత ఊరు ఆఫ్రికా, టాంజానియా నుంచి దక్షిణాఫ్రికా దాకా. నాలుగు పలకలుగా, ఆకులు లేకుండా, వేలెడు లావున నిటారుగా లేచే కాడలు చూసి అందరూ కాక్టస్ అంటారు. కాదు. ముళ్ళే లేవు. తాకితే ముఖమల్ గుడ్డ తాకినట్టు ఉంటుంది. ఇది మన జిల్లేడుకి చుట్టం. జిల్లేడు, గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు అన్నీ ఒకే కుటుంబం. వాటిలో జిల్లేడు రథసప్తమికి కావాలి, నందివర్ధనం రోజూ పూజకి కావాలి. ఈ ఒక్కదాన్నే ఎవరూ గుమ్మంలోకి రానివ్వరు. మిగతా చుట్టాల్లా తుంచితే పాలు కూడా కారవు, నీళ్ళలాంటి రసం వస్తుంది.

పిన్నిగారి ప్రశ్నకు జవాబు ఆ ఈగల దగ్గరే ఉంది. ఈ పువ్వు తేనెటీగ కోసం పుట్టలేదు. దాని ఊళ్ళో ఎండకి కళేబరాల చుట్టూ ముసిరే ఈగలకు కొదవ లేదు, అందుకని వాటినే పిలుస్తుంది. రంగు పచ్చి మాంసం రంగు, నూగు చచ్చిన జంతువు బొచ్చులా, వాసన సరేసరి. కుళ్ళే మాంసం నుంచి వచ్చే గంధకపు పదార్థాలే, డైమిథైల్ డైసల్ఫైడ్ లాంటివి, ఈ జాతి పూలు కూడా తయారు చేస్తాయి. కొన్నింటిలో ఇండోల్ అని ఇంకొకటి ఉంటుంది. మలం కంపులో ఉండేది అదే. తమాషా ఏమిటంటే, మనం తలలో తురుముకునే మల్లెపూల పరిమళంలోనూ అదే ఇండోల్ కొద్దిగా ఉంటుంది. పాళ్ళలో ఉంది అంతా. ఈ మాట పిన్నిగారికి చెబితే రెండు రోజులు మల్లెపూలు కొనలేదు.

ఈగ నిజంగానే మోసపోతుంది. ఆడ ఈగ అది కళేబరమేనని నమ్మి మధ్య గుంట చుట్టూ గుడ్లు పెడుతుంది, తెల్లగా, బియ్యపు నూకలు చల్లినట్టు. పిల్లలు పుడతాయి, తినడానికి అక్కడ ఏమీ ఉండదు, మాడి చస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు పువ్వు మీద కోపం వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అయితే ఈగ తిరుగుతున్నంతసేపూ జరిగే పని వేరే ఉంది. ఈ పువ్వులో పుప్పొడి పొడిలా రాలదు. మైనపు ముద్దల్లాంటి రెండు చిన్న తిత్తులు, వాటిని కలుపుతూ మధ్యలో ఒక క్లిప్పు. ఈగ కాలో, మూతో ఒక సన్నటి చీలికలో ఇరుక్కుంటుంది. గింజుకుని లాక్కుంటే క్లిప్పుతో సహా తిత్తులు ఊడి దాని వెంట వస్తాయి. ఇంకో పువ్వు మీద అలాగే ఇరుక్కున్నప్పుడు అక్కడ అంటుకుంటాయి. భూతద్దం ఉంటే జిల్లేడు పువ్వులోనూ ఇదే ఏర్పాటు చూడొచ్చు. అంతా సవ్యంగా కుదిరితే నెలల తరవాత రెండు కొమ్ముల్లా కాయలు లేస్తాయి. అవి పగిలితే ఒక్కో గింజకి పట్టుకుచ్చు, అచ్చం జిల్లేడు దూదిలా. మా కుండీలో ఇంతవరకు ఒక్కసారే కాసింది. చాలా రకాలకు తన పుప్పొడి తనకు పనికిరాదు, వేరే మొక్క పక్కన ఉండాలి. గింజలు మాత్రం ఇట్టే మొలుస్తాయి. తాజావైతే మూడో రోజుకి పచ్చగా తల ఎత్తాయి.

పెంచడం కష్టమా అని అడుగుతారు. చంపడం సులభం అని చెబుతాను. మన చుట్టుపక్కల నేలంతా నల్లరేగడి. పత్తికీ మిర్చికీ అది బంగారం, వీటికి సమాధి. తడి పట్టుకుంటే వదలదు. నేను మా ఇంటి పునాది తవ్వినప్పటి మట్టితోనే మొదలుపెట్టి ఆరు మొక్కలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు సగం ముతక ఇసుక, పావు వంతు ఇటుక ముక్కలు చిన్నగా కొట్టి, మిగతాది ఎర్రమట్టి, ఒక గుప్పెడు వర్మికంపోస్టు. కుండీ లోతు అక్కర్లేదు, వేళ్ళు పైపైనే పాకుతాయి. పెరుగు తోడుపెట్టే మట్టి మూకుడులాంటిది, అడుగున చిల్లులు పెట్టించినది, అన్నిటికంటే నయం. నీళ్ళు పోస్తే అడుగు నుంచి కారేదాకా పోయాలి. తరవాత మట్టి పూర్తిగా ఎండేదాకా ఆ వైపు చూడకూడదు. రోజూ తులసికి పోసే చేత్తో దీనికీ ఒక చెంబు పోసే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. ఆ చెంబుతోనే సగం మొక్కలు పోతాయి.

ఎండ కూడా అంతే. ఎడారి మొక్క కదా అని మే నెలలో 44 డిగ్రీల ఎండలో డాబా మీద వదిలేస్తే కాడలు ముందు ఎర్రబడి తరవాత ముడుచుకుపోతాయి. దాని ఊళ్ళో అది పొద చాటునో, రాయి నీడనో బతుకుతుంది. షేడ్ నెట్ కింద, పొద్దుటి ఎండ తగిలేలా పెట్టండి. పిండినల్లి పడుతుంది. కాడ మీద కనిపిస్తే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేయొచ్చు. వేళ్ళల్లో ఉంటే కనబడదు, మొక్క ఊరికే డీలా పడుతుంది. కుండీ మార్చేటప్పుడు వేళ్ళు ఒకసారి చూడాలి.

అసలు శత్రువు వాన. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నేను ఊళ్ళో లేను. తిరిగి వచ్చేసరికి పంతొమ్మిది కుండీల్లో పదకొండు పోయాయి. మొదళ్ళు ఉడికిన వంకాయల్లా మెత్తబడి, నల్లగా. అప్పుడు ఏడుస్తూ కూర్చోకుండా చేయాల్సిన పని ఒకటుంది. నలుపు ఎక్కని కొస చూసుకుని శుభ్రమైన బ్లేడుతో కోయాలి. కోసిన చోట లోపల ఒక్క గోధుమ రంగు చుక్క కూడా కనబడకూడదు, కనబడితే ఇంకా పైకి కోయాలి. ఆ ముక్కను నీడలో వారం రోజులు ఆరబెట్టి, ఊరికే పొడి ఇసుక మీద పడుకోబెడితే చాలు. అదే వేళ్ళు వేసుకుంటుంది. అలా నాలుగింటిని దక్కించుకున్నాను.

ఒకటి బతికిందంటే రెండోది కావాలనిపిస్తుంది. ఈ పిచ్చి అలా అంటుకుంటుంది. దీని చుట్టాల్లో హ్యూర్నియా జెబ్రినా అని ఒకటి, పువ్వు రూపాయి బిళ్ళకంటే కొంచెం పెద్దది, మధ్యలో లక్క గాజులా మెరిసే ఎర్రటి వలయం, చుట్టూ చారలు. దాని వాసనకి వంగి ముక్కు పెట్టాలి, అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఉన్నవాళ్ళు దానితో మొదలుపెట్టడం మంచిది. సోమాలియా వైపు నుంచి వచ్చిన ఎడిత్‌కోలియా పువ్వు చూస్తే పాతకాలపు తివాచీ పరిచినట్టే ఉంటుంది. రెండుసార్లు తెప్పించాను, రెండుసార్లూ చంపాను. కంపు కొట్టనివీ ఉన్నాయి. స్టపీలియా ఫ్లేవోపర్‌ప్యూరియా తేనెలా తియ్యగా ఉంటుందంటారు. అదేమో నాకు ఇంకా దొరకలేదు.

ఇవి ఎక్కువగా ఫోను మీద, కొరియర్లో నడిచే బేరాలు. పేపర్లో చుట్టిన వేలెడు ముక్క వస్తుంది. ఒకాయన దగ్గర మూడు వేరు వేరు పేర్లతో మూడు ముక్కలు కొన్నాను, మూడు ధరలు. ఏడాదికి మూడూ పూశాయి. మూడూ ఒకటే, పసుపు మీద గోధుమ మచ్చల ఆర్బియా వేరిగేటా. అందుకే పువ్వు ఫొటో పంపమనండి, కాడ చూసి కొనకండి.

ఆ ఆర్బియాకి పెద్ద చరిత్రే ఉంది. 1624లో జస్టస్ హ్యూర్నియస్ అనే డచ్చి మత ప్రచారకుడు ఓడలో బటేవియా, అంటే ఇప్పటి జకార్తా, వెళ్తూ దక్షిణాఫ్రికా కొసన ఆగి, టేబుల్ మౌంటెన్ మీద దాన్ని చూశాడు. దాని బొమ్మ 1644లో స్టాపెల్ అనే డచ్చి వైద్యుడి గ్రంథంలో అచ్చయింది. 1737లో, మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్ ఆ వైద్యుడి పేరుతో స్టపీలియా అన్నాడు. హ్యూర్నియస్ వంతు 1810లో వచ్చింది. రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఆయన పేరుతో హ్యూర్నియా అని ఒక ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపు, పెట్టాడు గానీ, లాటిన్‌లో అక్షరాలు అటూ ఇటూ తారుమారు చేశాడు. ఆ తప్పు ఇప్పటికీ అలాగే ఉంది.

అదే ఏడాది అదే బ్రౌన్ ఇంకో ప్రజాతికి కారలూమా అని పేరు పెట్టాడు. ఆ పేరు ఎవరి ఇంటిపేరూ కాదు. మన తెలుగు మాట. అంతకుముందు సామర్లకోటలో ఉండి ఈ తీరంలోని మొక్కలన్నీ బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు వైద్యుడు, 1795లో అచ్చయిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో, ఆ ప్రజాతిలోని ఒక మొక్కను ఇక్కడి జనం కారల్లం అంటారని రాసుకున్నాడు. అల్లంతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. అయినా ఆ మాట ఇంగ్లండు చేరి, లాటిన్ తొడుగు వేసుకుని, ఇవాళ ప్రపంచంలో ఈ మొక్కలు పెంచే ప్రతివాడి నోటా ఉంది. ఆఫ్రికా మొక్కల కోసం కొరియర్లకు డబ్బు పోస్తూ ఈ సంగతి నేను తెలుసుకున్నది మొన్న మొన్ననే. సిగ్గేసింది.

అనంతపురంలో ఉన్న స్నేహితురాలు తన పొలం గట్టున ఉన్న కారల్లం నుంచి ఒక కొమ్మ విరిచి పంపింది. జానెడు పొడుగు, నాలుగు పలకలు, కొసకి పోనుపోనూ సన్నబడుతుంది. ఆ సన్నటి కొస పొడవునా చిన్న చిన్న చుక్కల్లాంటి పూలు తల వంచుకుని వేలాడతాయి. పిన్నిగారు ఆ కుండీ చూసి, "ఇదేంటి, కుందేటి కొమ్ములు ఇక్కడికొచ్చాయి?" అన్నారు.

ఆవిడ పుట్టిల్లు మాచర్ల దగ్గర పల్లెటూరు. లేనిదాన్ని కుందేటి కొమ్ము అంటాం కదా, వాళ్ళ గుట్ట మీద ఆ పేరుతో నిజంగానే ఉంది. మేకలు కాయడానికి పోయినవాళ్ళు తెచ్చేవారట. "ముళ్ళు లేవుగా, కొస తుంచి నమిలేవాళ్ళం. ముందు చేదు, తరవాత పులుపు, ఉప్పు. మధ్యాహ్నం దాకా ఆకలి అనేవాళ్ళం కాదు" అన్నారు. ఆఫ్రికాలో కలహారి ఎడారి సాన్ తెగ వేటగాళ్ళు హూడియా అనే దీని చుట్టాన్ని సరిగ్గా ఇందుకే నమిలేవారు. దాని నుంచి బరువు తగ్గే మందు తీద్దామని పెద్ద పెద్ద కంపెనీలు ఏళ్ళ తరబడి తంటాలు పడి వదిలేశాయి. కారల్లం పేరుతోనూ ఇప్పుడు సీసాల్లో మాత్రలు అమ్ముతున్నారు. డాక్టరుని అడగకుండా వాటి జోలికి పోకండి. నా కుండీల్లోది నమలకండి, పిండినల్లికి మందు కొట్టినవి అవి. గుట్టల మీద కనిపిస్తే వేళ్ళతో పీకకండి. ఒక్క కొమ్మ తెచ్చుకుంటే ఎన్ని కుండీలకైనా సరిపోతుంది.

ఇప్పుడు మా కారల్లం మెట్ల మొదట్లో, పిన్నిగారి గుమ్మం పక్కన ఉంది. పై డాబా మీద పెద్దదానికి మళ్ళీ మొగ్గ వచ్చింది, బూర ఊదినట్టు ఉబ్బి ఉంది. రేపో ఎల్లుండో విచ్చుకుంటుంది. నిన్న సాయంత్రం పిన్నిగారు వచ్చి చూసి, కుండీని పడమటి గోడ వైపుకి జరిపించి, "ఈ గాలికి అటు ఉంటే వీధిలోకే పోతుందిలే" అని దిగి వెళ్ళారు.