గాలి నాజిల్ కొనేముందు దాని నోట్లోకి చూడండి

నమస్కారమండి. ఇవాళ్టి వీడియో చేతిలో ఇమిడిపోయే ఒక చిన్న వస్తువు గురించి. గాలి పైపు చివర ఉండి, టైరు వాల్వ్ మీద పెట్టి లాక్ చేస్తే చెయ్యి వదిలేసినా పట్టుకుని ఉండే నాజిల్. డబ్బా మీద లాకింగ్ ఎయిర్ చక్ అని రాసుంటుంది. ఆటోనగర్‌లో షాపువాడిని లాక్ పడే నాజిల్ ఇవ్వమంటే ట్రే నిండా తెచ్చి కౌంటర్ మీద పోస్తాడు. అన్నీ మెరుస్తుంటాయి. ఏది తియ్యాలి?

చాలామంది చేతిలో బరువు చూసి, లాక్ టక్‌మని పడిందా లేదా చూసి తీసేసుకుంటారు. లాక్ సంగతి తర్వాత చూద్దాం. ముందు తేల్చుకోవాల్సింది మీకు ఓపెన్ రకం కావాలా, క్లోజ్డ్ రకం కావాలా అన్నది. ఇక్కడ తప్పు చేస్తే ఎంత గట్టి లాకున్నా ఆ నాజిల్ మీకు పనికిరాదు.

క్లోజ్డ్ రకంలో నాజిల్ లోపలే ఒక చిన్న తలుపు ఉంటుంది, వెనక స్ప్రింగు. వాల్వ్ మీద నొక్కినప్పుడే ఆ తలుపు తెరుచుకుంటుంది. తీసేస్తే మూసుకుంటుంది. కంప్రెసర్ పైపుకి నేరుగా బిగించాలంటే ఇదే కావాలి, లేకపోతే టైరు మీద లేనప్పుడల్లా గాలి బుస్సుమని పోతూనే ఉంటుంది. ఓపెన్ రకంలో ఆ తలుపు లేదు, ఇటు నుంచి అటు దారి ఖాళీ. ట్రిగ్గరూ మీటరూ ఉన్న గాలి గన్నుకీ, కారు సాకెట్‌లో పెట్టుకునే చిన్న 12 వోల్టుల పంపుకీ ఓపెన్ రకమే సరి.

గన్నుకి క్లోజ్డ్ పెడితే ఏమవుతుందని అడగొచ్చు. గాలి ఎక్కుతుంది, కాదనం. కానీ ఆ చిన్న తలుపు పూర్తిగా తెరుచుకోకపోతే గాలి సన్నగా పోతుంది, మీటరు ముల్లు అసలు ప్రెషర్ దగ్గరికి రావడానికి టైము తీసుకుంటుంది. మీరు తొందరపడి ముల్లు చూసి ఆపేస్తారు, టైర్లో ఉన్నది వేరే. ఒక గుర్తు చెబుతాం. గన్ను ట్రిగ్గర్ వదిలేసి నాజిల్‌ని టైరు మీంచి తీసేశాక కూడా మీటరు ముల్లు 30 దగ్గరే నిలబడి ఉందంటే లోపల గాలి చిక్కుకుపోయింది, అది క్లోజ్డ్ నాజిల్. ఓపెన్ అయితే తీసిన మరుక్షణం ముల్లు సున్నాకి పడిపోవాలి. గన్ను పాడైందని రిపేరుకి తెచ్చేవాటిలో ఈ బాపతువి కూడా ఉంటాయి. మార్చాల్సింది గన్ను కాదు, నాజిల్.

షాపులో ఏది ఏదో తెలుసుకోవడం సులువే. వెనక, పైపు బిగించే వైపు, నోరు పెట్టి ఊదండి. గాలి అవతలికి వెళ్తే ఓపెన్. బుగ్గలు ఉబ్బి ఆగిపోతే క్లోజ్డ్. ముందు రుమాలుతో తుడుచుకోండి, ఎన్ని చేతులు తగిలాయో ఏమో.

ఇప్పుడు నాజిల్ నోరు. కెమెరా దగ్గరికి తెస్తున్నాం, సరిగ్గా చూడండి. లోపల మూడు కనిపించాలి. నడిమధ్యలో ఇత్తడి బొడిపె ఒకటి, దాని చుట్టూ నల్ల రబ్బరు వాషరు, ఆ పైన లాక్ పళ్ళు. బొడిపె పని వాల్వ్ పిన్‌ని కిందికి నొక్కడం. వాషర్ పని గాలి పక్కకి పోకుండా ఆపడం. పళ్ళ పని వాల్వ్ థ్రెడ్‌ని పట్టుకోవడం. మూడింటికీ వేరువేరు జబ్బులు.

బొడిపె మధ్యలో లేకుండా కాస్త పక్కకి ఉంటే వాల్వ్ పిన్ మీద సరిగ్గా పడదు. నాజిల్ పట్టుకుంటుంది, లాకూ పడుతుంది, గాలి మాత్రం ఎక్కదు. బొడిపె పొట్టిదైనా అంతే. కొన్ని టైర్లకి ఎక్కి కొన్నిటికి ఎక్కని నాజిళ్ళు ఉంటాయి చూడండి, వాటి కథ ఎక్కువగా ఇదే. బాగున్న వాల్వులో పిన్ తల దాదాపు స్టెమ్, అంటే వాల్వ్ గొట్టం, మూతితో సమానంగా ఉంటుంది. ఎవరో పిన్ లోతుగా బిగించేసినా, తప్పు సైజు పిన్ వేసినా పొట్టి బొడిపె దాన్ని అందుకోలేదు.

ఇక వాషర్. ఇదిగో ఇది బాగా వాడిన నాజిల్‌లోంచి తీసింది. మీద గుండ్రంగా గాటు కనిపిస్తోందా, గోరు పెడితే తగులుతుంది. ప్రతిసారీ వాల్వ్ మూతి అంచు అక్కడే కూర్చుని కూర్చుని చేసిన గాటు అది. కొత్త వాషరు మెత్తగా నొక్కుకుని వాల్వ్ మూతిని చుట్టేస్తుంది. ఈ పాతది గట్టిపడిపోయింది, గాటులో ఇసుక కూడా ఇరుక్కుంది. రోహిణి కార్తెలో రోళ్ళే పగులుతాయంటాం, రోజంతా ఎండలో వేలాడే పైపు చివర ఈ చిన్న రబ్బరు ఎంతకని నిలబడుతుంది? బెజవాడ మే నెల ఎండకి ఇత్తడి పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. కొన్ని మోడళ్ళలో వాషర్‌ని తిరగేసి వెయ్యొచ్చు, అవతలి వైపు చదునుగా ఉంటే ఇంకొన్నాళ్ళు లాగుతుంది. అసలు ముందున్న రింగు విప్పి వాషరు మార్చుకునే వీలు ఉందా లేదా అన్నది కొనేటప్పుడే చూడాలి. నొక్కి మూసేసిన నాజిల్ అయితే వాషరు పోయిన రోజు నాజిలూ పోయినట్టే. మేమైతే విప్పడానికి వీల్లేనిది ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దంటాం.

వాషరు నైట్రైల్ రబ్బరుదై ఉండాలి. కంప్రెసర్లోంచి గాలితో పాటు సన్నగా ఆయిల్ వస్తుంది, ఆ ఆయిల్‌కి ఈపీడీఎం రబ్బరు ఉబ్బిపోతుంది. చూపుతో రెండింటికీ తేడా తెలీదు, స్పేర్ వాషర్లు కొనేటప్పుడు అడిగి తీసుకోవాలి.

పళ్ళు. రెండు పద్ధతులు ఎక్కువగా దొరుకుతాయి. మొదటిది వేలితో నొక్కే క్లిప్. నొక్కితే ఒక పన్ను పైకి లేస్తుంది, వదిలితే స్ప్రింగు దాన్ని వాల్వ్ థ్రెడ్‌లోకి దించుతుంది. చవక, త్వరగా పడుతుంది, బంకుల్లో ఎక్కువ కనిపించేది ఇదే. కానీ పట్టు ఒక్క వైపే. పైపు బరువుకి నాజిల్ అటు వాలిందంటే వాషరు ఒక పక్క లేచి సన్నగా ఈల వేస్తుంది. రెండోది స్లీవు రకం. స్లీవుని జరిపితే లోపల పళ్ళు చుట్టూతా ఒక్కసారే మూసుకుని వాల్వ్‌ని అన్ని వైపులా పట్టుకుంటాయి. నిటారుగా నిలబడుతుంది, వాషరు సమానంగా కూర్చుంటుంది. ఖరీదు ఎక్కువే. దుమ్ము పడితే స్లీవు మొరాయిస్తుంది కూడా. గుంటూరు మిర్చి యార్డు దగ్గర లోడింగు పాయింట్ల లాంటి చోట్ల వాడేవాళ్ళు వారానికోసారి గాలి కొట్టి శుభ్రం చేసి ఒక్క చుక్క మెషీన్ ఆయిల్ వెయ్యాలి. ఒక్క చుక్కే. ఎక్కువైతే ఆ ఆయిల్‌కే దుమ్ము అంటుకుంటుంది.

తిప్పి బిగించే ఇత్తడి నాజిల్ కూడా ఉంది. పట్టులో దాన్ని మించింది లేదు. కాకపోతే విప్పేటప్పుడు ఆ రెండు మూడు చుట్లూ గాలి పోతూనే ఉంటుంది. కారు టైరుకి అదేమంత లెక్క కాదు, స్కూటర్ టైరు చిన్నది కాబట్టి తేడా కనిపిస్తుంది. రోజుకి వంద టైర్లు చూసే షాపులో అసలు కుదరదు.

పట్టు ఎంత ఉండాలో ఒక లెక్క చూద్దాం. కారు, బైకు, లారీ అన్నిటికీ వాల్వ్ మూతి దగ్గర థ్రెడ్ ఒకటే: బయటి వ్యాసం సుమారు 7.7 మిల్లీమీటర్లు, అంగుళానికి 32 థ్రెడ్లు. పాత సైకిల్ వాల్వులు వేరు, వాటిని వదిలేద్దాం. ఆ మూతి వైశాల్యం మీద కారు టైరులోని 33 పీఎస్ఐ ప్రెషర్ నాజిల్‌ని వెనక్కి తోసే బలం దాదాపు ఒక కిలో. అదే లారీ టైరు 120 పీఎస్ఐ అయితే నాలుగు కిలోల దాకా వెళ్తుంది. గాలి ఎక్కుతున్నప్పుడు కంప్రెసర్ ప్రెషర్ ఇంకా ఎక్కువ ఉంటుంది కాబట్టి ఇంకొంచెం కలుపుకోండి. అందుకే కారుకి ఏడాదిగా బాగా పనిచేసిన క్లిప్ నాజిల్ లారీకి పెట్టగానే టప్పున ఎగిరొస్తుంది. నాజిల్ మొత్తం పాడవలేదు. ఒంటి పన్ను అరిగిపోయి నాలుగైదు కిలోల తోపు ఆపలేకపోతోంది, అంతే.

లోహం ఇత్తడేనా అని చూడాలంటే వెనక థ్రెడ్ లోపలి అంచున చిన్నగా గీకి చూడండి. పసుపు కనిపిస్తే ఇత్తడి. తెల్లబూడిద రంగు కనిపిస్తే జింకు పోత మీద పూత. అయస్కాంతం పెట్టి లాభం లేదు, రెండూ అంటుకోవు. పళ్ళ దగ్గర మాత్రం పెట్టి చూడొచ్చు, ఉక్కు పళ్ళయితే చాలావరకు లాగుతుంది. టైరు ప్రెషర్ సెన్సర్ ఉన్న కార్లకి కొన్నిట్లో అల్యూమినియం స్టెమ్ ఉంటుంది. దాని మీద ఉక్కు పళ్ళతో గుంజితే థ్రెడ్ చెడుతుంది, స్లీవు పూర్తిగా తెరిచాకే తియ్యాలి.

వెనక వైపు థ్రెడ్ దగ్గర ఇంకో తిరకాసు. పావు అంగుళం అని రెండింటి మీదా రాసుంటుంది కానీ బ్రిటిష్ పద్ధతి థ్రెడ్ బీఎస్‌పీ అంటే అంగుళానికి 19 థ్రెడ్లు, అమెరికా పద్ధతి ఎన్‌పీటీ అంటే 18. అమెరికా మోడళ్ళు ఎన్‌పీటీతో వస్తాయి, మన దగ్గర ఫిట్టింగులు ఎక్కువగా బీఎస్‌పీ. రెండూ కలిపి బిగిస్తే రెండు మూడు చుట్లు హాయిగా తిరిగి టైట్ అయిపోతుంది, సరిపోయిందనుకుంటాం. తర్వాత ఎంత టేపు చుట్టినా లీకే. రెండు మగ థ్రెడ్లని, అంటే బయటి వైపు గాట్లున్నవాటిని, పక్కపక్కన ఆనించి వెలుతురులో చూడండి. పళ్ళు ఒకదాంట్లో ఒకటి పూర్తిగా కూర్చుంటే ఒకే రకం, చివరికొచ్చేసరికి తప్పుకుంటుంటే వేరు. టెఫ్లాన్ టేపు మూడు నాలుగు చుట్లు చాలు, థ్రెడ్ కొస మీ వైపు పెట్టుకుని గడియారం తిరిగే దిశలో చుట్టండి, మొదటి థ్రెడ్ ఖాళీగా వదలండి. లేదంటే టేపు ముక్క ఊడి నాజిల్ నోట్లో ఇరుక్కుంటుంది.

బైకులకి ఇంకో ఇబ్బంది. డిస్క్ బ్రేకు, స్పోకులు, చిన్న చక్రం మధ్యలో నిటారు నాజిల్ దూరదు. మెడ 90 డిగ్రీలు వంగింది తీసుకోండి. పొడుగాటి బరువు నాజిల్ రబ్బరు స్టెమ్‌కి వేలాడదీసి వదిలేస్తే స్టెమ్ మొదట్లో రబ్బరు చీలుతుంది. టీఆర్ 413 అని పిలిచే మామూలు ట్యూబ్‌లెస్ స్టెమ్ రబ్బరుదే కదా.

లారీల సంగతి కొంచెం జాగ్రత్తగా వినండి. జోడు టైర్లలో లోపలి టైరు వాల్వ్ అందుకోవాలంటే పొడుగు మెడ, రెండు మూతుల నాజిల్ కావాలి. దానికంటే ముఖ్యం, లారీకి లాక్ నాజిల్ వాడేదే మనిషి దూరంగా నిలబడడానికి. అమెరికాలో కార్మిక భద్రత చూసే ఓషా నిబంధన 1910.177 పెద్ద వాహనాల టైర్లకి క్లిప్ నాజిల్, పైపు మధ్యలో మీటరూ గాలి ఆపే వాల్వూ, మనిషి టైరు పేలుడు దారిలో లేనంత పొడుగు పైపు ఉండాలంటుంది. కొలిచి మూడు మీటర్ల పైపైనా పెట్టండి. టైరు పక్క గోడకి ఎదురుగా కాకుండా ట్రెడ్ వైపు, అంటే రోడ్డుకి ఆనే వైపు, నిలబడండి. విడి రింగుతో టైరుని పట్టి ఉంచే రింగు డిస్కులకి ఇది మరీ ముఖ్యం. ఇంకోటి, కంప్రెసర్ ట్యాంకులో 100 ఉండి టైర్లో 110 ఉంటే, నాజిల్ లాక్ చేసి పైపు మధ్యలో వాల్వ్ తెరిచారంటే గాలి టైర్లోంచి ట్యాంకులోకి వెనక్కి పోతుంది. ముందు ట్యాంకు ముల్లు చూడండి.

పెట్టే పద్ధతి. డమ్మీ, అంటే వాల్వ్ మూత, తీసి, వాల్వ్ పిన్‌ని ఒక్క క్షణం నొక్కి లోపలి దుమ్ము బయటికి ఊదనివ్వండి. నాజిల్‌ని నిటారుగా నొక్కండి, స్స్ మనే శబ్దం ఆగాకే లాక్ చెయ్యండి. శబ్దం ఆగకముందే లాక్ చేసి తర్వాత అటూ ఇటూ వంచితే పళ్ళు థ్రెడ్ కొసల్ని కొరికేస్తాయి. తీసేటప్పుడు ఒక చేత్తో నాజిల్ ఒళ్ళు పట్టుకోండి, పైపు పట్టుకుని లాగొద్దు. తీశాక వాల్వ్ మూతి మీద సబ్బు నురగ ఒక చుక్క. బుడగ లేస్తే పిన్ వదులైందో, కింద ఇసుక ఇరుక్కుందో చూసుకోవాలి.

షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో ఒక టీఆర్ 413 స్టెమ్ వేసుకెళ్ళండి, పంక్చర్ షాపులో పది మాటలాడితే ఒకటి ఇస్తారు. ట్రేలోంచి తీసిన ప్రతి నాజిల్‌నీ దాని మీద లాక్ చేసి చూడండి. నిటారుగా గుంజండి, తర్వాత పక్కకి ఊపండి. ఊగితే పక్కన పెట్టేయండి. లాక్ పడ్డాక స్టెమ్ వెనక నుంచి ఊదండి. ఓపెన్ నాజిల్ అయితే గాలి పైపు వైపు నుంచి రావాలి, వాల్వ్ పిన్‌ని బొడిపె నొక్కుతోందని దానర్థం. ఇప్పుడు పైపు వైపు కన్నాన్ని బొటనవేలితో మూసి మళ్ళీ ఊదండి, ఎక్కడి నుంచీ రాకూడదు. ట్రేలో పది నాజిళ్ళుంటే ఈ పరీక్షకి ఎన్ని నిలబడతాయో అక్కడే తేలిపోతుంది. నచ్చినదానికి సరిపడే స్పేర్ వాషర్లు నాలుగు కూడా అప్పుడే అడిగి తీసుకోండి, ఆర్నెల్ల తర్వాత అదే మోడల్ వాషరు దొరుకుతుందన్న నమ్మకం లేదు.